స్కోప్ గురి నిలుపుకోవడమంటే ఏమిటి? అద్దం స్పష్టత కంటే ముందు చూడవలసినవి

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో అడవి అంచున మక్కజొన్న, పల్లి వేసిన రైతుకు కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా రాత్రి కాపలా తప్పదు. అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగితే తెల్లవారేసరికి చేను చాపలా పడిపోయి ఉంటుంది. ఆ కోపంలో కొందరు పొలం చుట్టూ కరెంటు తీగలు కడతారు. వాటికి మనుషులు, పశువులు, ఒక్కోసారి పులులు కూడా బలి కావడం మన ప్రాంతంలో పదే పదే వింటున్న విషాదం. చట్టం చూపిన దారి అది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినా, ప్రాణానికో పంటకో ముప్పు తెచ్చే జంతువు విషయంలో అటవీ శాఖ అధికారి రాతపూర్వక అనుమతితో, లైసెన్సు ఉన్న షూటర్ చేత ఆ పని చేయించే వీలు ఉంది. అలా పొలానికి వచ్చే షూటర్ రైఫిల్ మీద ఇప్పుడు తరచుగా స్కోప్, అంటే దూరపు లక్ష్యాన్ని దగ్గరగా చూపుతూ గురి పెట్టడానికి పనికొచ్చే కటకాల గొట్టం, కనిపిస్తోంది. ఆ స్కోప్ చూపిన చోటికి తూటా వెళ్లకపోతే, గాయపడిన పంది పొదల్లోకి దూరుతుంది. మరునాడు పొద్దున్నే ఆ పొదల పక్కన చేనులో కలుపు తీయడానికి ఆడవాళ్లు దిగుతారు. కాబట్టి స్కోప్ మన్నిక అనేది ఏదో సరదా కోసం తుపాకీ పట్టేవారి ముచ్చట మాత్రమే కాదు.

స్కోప్ కొనేటప్పుడు ఎవరైనా మొదట చూసేది అద్దం. ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది, సాయంత్రం వెలుగులో ఎంత స్పష్టంగా ఉంది, అంచుల్లో రంగులు చెదురుతున్నాయా అన్నవి కౌంటర్ దగ్గరే తెలిసిపోతాయి గనుక బేరం కూడా వాటి చుట్టే తిరుగుతుంది. కానీ పొలంలో విఫలమయ్యే స్కోపుల్లో చాలావరకు అద్దం బాగానే ఉంటుంది. విఫలమయ్యేది అద్దానికి వెనుక, గొట్టం లోపల, కంటికి కనిపించని యంత్ర భాగం. స్కోప్ అంటే దూరాన్ని దగ్గర చేసే దుర్బిణి అనుకోవడం వల్లనే ఈ పొరపాటు జరుగుతోంది. అది ముందుగా గురి చూపే సాధనం, ఆ తర్వాతే దుర్బిణి.

లోపల ఏముంటుందో చూద్దాం. ముందున్న వస్తు కటకం జంతువు ప్రతిబింబాన్ని గొట్టం లోపల ఒకచోట తలకిందులుగా ఏర్పరుస్తుంది. దాన్ని తిరిగి నిలువుగా తిప్పే కటకాలు మరో సన్నటి గొట్టంలో అమర్చి ఉంటాయి. ఈ లోపలి గొట్టం వెనుక కొసన ఒక కీలు మీద కదులుతుంది. ముందు కొసను పైనుంచి ఒక మర, పక్కనుంచి మరొక మర నొక్కి పట్టుకుంటాయి. స్కోప్ పైన, కుడి పక్కన మనం తిప్పే టరెట్లు ఈ మరల తలలే. మరలకు ఎదురు దిక్కున ఒక స్ప్రింగు ఉండి, లోపలి గొట్టాన్ని ఎప్పుడూ మరల మొనలకు ఒత్తి ఉంచుతుంది. అంటే తూటా ఎక్కడ తగలాలన్నది చివరికి రెండు మరల మొనలు, ఒక స్ప్రింగు కలిసి ఆ చిన్న గొట్టాన్ని ఎంత కదలకుండా పట్టుకోగలవన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఆ పట్టు ఎంత సూక్ష్మంగా ఉండాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. సాధారణ వేట స్కోపులో టరెట్ ఒక్క క్లిక్ తిప్పితే 100 మీటర్ల దూరంలో తూటా తగిలే చోటు సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. వస్తు కటకం నాభ్యంతరం (కటకం నుంచి ప్రతిబింబం ఏర్పడే చోటికి ఉన్న దూరం) 180 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ ఒక్క క్లిక్‌కు లోపలి గొట్టం కదిలేది మిల్లీమీటరులో వందో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. రైఫిల్ తన్నిన తర్వాత స్ప్రింగు ఆ గొట్టాన్ని పాత చోటికి తేలేక ఒక్క వెంట్రుక మందం అటో ఇటో వదిలేసినా, 100 మీటర్ల దగ్గర గురి దాదాపు 4 సెంటీమీటర్లు తప్పుతుంది. దీన్ని అర్థం చేసుకుంటే, ఖరీదైన స్కోపుకూ చవక స్కోపుకూ మధ్య ధరలో తేడా ఎక్కడ ఖర్చవుతుందో సగం తెలిసినట్టే. మర పళ్లు ఎంత నిక్కచ్చిగా చెక్కారు, స్ప్రింగు ఏళ్ల తరబడి బిగువు తగ్గకుండా ఉంటుందా, కీలులో వదులు ఉందా అన్న పనితనానికే ఆ డబ్బు పోతుంది. ఇవేవీ డబ్బా మీద రాయరు.

స్కోప్ చరిత్రలో కూడా ఇదే ప్రశ్న మొదటి నుంచీ ఉంది. వియన్నాకు చెందిన కాలెస్ సంస్థ 1900లోనే వేట రైఫిళ్లకు టెలోరార్ అనే స్కోప్ చేసింది. పాతకాలపు లక్ష్య సాధన స్కోపుల్లో చాలావాటికి గొట్టం లోపల కదిలేదేమీ ఉండేది కాదు. గురి సవరించాలంటే స్కోపునంతటినీ బయట, దాన్ని రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు దగ్గరే మరలతో జరిపేవారు. చూడడానికి మోటుగా ఉన్నా ఆ పద్ధతిలో ఒక నిజాయతీ ఉంది: కదిలే భాగం కళ్లెదుటే ఉంటుంది, వదులైతే తెలిసిపోతుంది. సవరణ మరలు గొట్టం లోపలికి వెళ్లాక స్కోప్ అందంగా, వానకు తట్టుకునేలా తయారైంది గానీ, లోపం కూడా లోపలికే వెళ్లింది.

మన దగ్గర లైసెన్సు రైఫిళ్లలో ఎక్కువగా కనిపించేది .315 స్పోర్టింగ్ రైఫిల్. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే ఈ రైఫిల్ ఇనుప సైట్లతో, అంటే నాళం మీద ఉండే మామూలు గురి గుర్తులతో, వాడేందుకు రూపొందినది. దాని మీద స్కోప్ పెట్టాలంటే బేస్ (రైఫిల్ మీద బిగించి, స్కోపును మోసే ఆధారం) కోసం విడిగా రంధ్రాలు వేయించుకోవాలి. ఆ పని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేతనే చేయించాలన్నది చట్టం. రంధ్రం పక్కకు పోకుండా పట్టి ఉంచే సరైన జిగ్గు లేకుండా చేత్తో వేసిన రంధ్రాలు నాళపు గీతకు వంకరగా పడతాయన్నది దానికి తోడు సాంకేతిక కారణం. వంకరగా పడితే ఏమవుతుంది? రైఫిల్ నాళం ఒక దిక్కుకు, స్కోప్ మరో దిక్కుకు చూస్తుంటాయి. షూటర్ టరెట్లు తిప్పి తిప్పి, సవరణ అంతా ఒకే వైపు ఖర్చు చేసి, ఎలాగో గురి కుదుర్చుకుంటాడు. అప్పుడు లోపలి గొట్టం పెద్ద గొట్టం గోడకు ఆనుకునేంత దూరం జరిగి ఉంటుంది. స్ప్రింగు దాని పరిధి చివర ఉంటుంది. ఒక వైపు మరీ వదులుగానో, మరీ నలిగిపోయో. స్కోప్ ఎంత మంచిదైనా ఆ స్థితిలో గురి నిలుపుకోలేదు. రెండు తూటాలకు సరిగా వెళ్లి మూడోది తప్పిందని, క్లిక్కులు తిప్పినా తూటా కదలకుండా తర్వాత ఒక్కసారిగా దూకిందని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. తిట్లు మాత్రం స్కోప్ కంపెనీకి పడతాయి. స్కోప్ బిగించాక టరెట్ల మొత్తం తిరుగుడులో ఇంచుమించు మధ్యలోనే గురి కుదరాలి. అలా కుదరకపోతే టరెట్‌ను కాదు, బేస్‌ను సరిచేయించాలి.

బేస్, దాని మీద స్కోప్ గొట్టాన్ని పట్టి ఉంచే రింగుల సంగతి మరికొంత చెప్పాలి, ఎందుకంటే నా అంచనాలో స్కోపు మీద వేసే నిందల్లో పెద్ద భాగం వీటికి చెందుతుంది. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకోండి. వాటిలో ఒకటి కేవలం 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దగ్గర గురి 10 సెంటీమీటర్లు తప్పుతుంది. పందిలో ప్రాణస్థానం అడ్డంగా సుమారు 15 సెంటీమీటర్లే ఉంటుంది గనుక, మధ్యకు గురిపెట్టిన తూటా దాన్ని దాటిపోతుంది. బేస్‌ను పట్టి ఉంచే మరలు చాలా రైఫిళ్లలో 3.5 మిల్లీమీటర్ల వ్యాసం కలవి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ బరువంతా జడత్వం కొద్దీ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఆ లాగుడు మొత్తం ఈ చిన్న మరల మీదే పడుతుంది. 350 గ్రాముల స్కోప్ బదులు 900 గ్రాములది పెడితే అవే మరలు రెండున్నర రెట్ల లాగుడును మోయాలి. బరువైన స్కోప్ గట్టిదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. గొట్టం గట్టిదే కావచ్చు, కానీ దాన్ని మోసే మరలకు అది అదనపు భారం.

మరలు బిగించడంలో రెండు వైపులా తప్పు జరుగుతుంది. వదులుగా ఉంటే ములుగు నుంచి తాడ్వాయి దాటి లోపలి ఊళ్లకు జీపులోనో, బైకు మీదో పోయే దారి కుదుపులకే సడలిపోతాయి. బలం కొద్దీ బిగిస్తే రింగు గొట్టాన్ని నొక్కేస్తుంది, నొక్కుడు పడిన చోట లోపలి గొట్టం ఇరుక్కుని, టరెట్ తిప్పినా సరిగా కదలదు. తయారీదారులు సాధారణంగా రింగు పైమరలకు 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు 2 న్యూటన్ మీటర్లలోపు బిగువు చాలంటారు. అది వేళ్ల అంచనాకు అందే కొలత కాదు. బిగువును కొలిచి బిగించే చిన్న టార్క్ డ్రైవర్ ఒకటి కొనుక్కోవడం అనవసర ఖర్చు కాదు. బిగించే ముందు మరల మీద, రంధ్రాల్లో నూనె జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవాలి. బిగించాక ప్రతి మర తల మీదుగా రింగు మీదకు సన్నని పెయింట్ గీత ఒకటి గీస్తే, తర్వాత ఎప్పుడు చూసినా ఆ గీత తెగి ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. మర అరవంతు తిరిగితే ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. ఇంత చవకైన జాగ్రత్త మరొకటి లేదు.

స్కోప్ సరిగా ఉన్నా, మౌంటు సరిగా ఉన్నా రైఫిలే గురి మార్చవచ్చు. మన రైఫిళ్లలో చాలావాటికి బట్టు (నాళాన్ని మోస్తూ భుజానికి ఆనే భాగం) చెక్కదే ఉంటుంది. మే నెలలో ఎండిపోయిన చెక్క వానాకాలం తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, కొంచెం మెలి తిరుగుతుంది. నాళానికి ఒక పక్క ఆనుకుని నొక్కడం మొదలుపెడుతుంది. ఎండాకాలంలో జీరో చేసిన, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా సరిచేసిన, రైఫిల్ ఆగస్టులో మక్క చేను దగ్గర పక్కకు కొట్టడానికి ఇది సరిపోయే కారణం. పంటకు కాపలా అవసరమయ్యే కాలమూ, చెక్క ఉబ్బే కాలమూ ఒకటే కావడం మన ఖర్మ. నాళానికీ చెక్కకూ మధ్య సన్నని కాగితం ముక్క జారుతుందో లేదో చూస్తే సంగతి బయటపడుతుంది. మందుగుండు కూడా వేడికి కాస్త వేగంగా, చలికి కాస్త నెమ్మదిగా కాలుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటుతుంది, ఆదిలాబాద్ జనవరి తెల్లవారుజాము 10 డిగ్రీల కిందికి పోతుంది. ఈ తేడాకు తూటా వేగం మారి, దూరం పెరిగిన కొద్దీ తగిలే ఎత్తు మారుతుంది. దీన్ని స్కోప్ లోపమనుకుని టరెట్ తిప్పడం మొదలుపెడితే ఇక ఏది ఎక్కడ మారిందో ఎవరికీ అంతుపట్టదు.

ఎయిర్ రైఫిళ్ల గురించి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే నిర్ణీత శక్తికి లోబడిన చిన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేనందున స్కోప్ మొదట చేతికందేది చాలామందికి అక్కడే. పిట్టల్ని కొట్టడం దాంతో కూడా నేరమే. కాగితపు లక్ష్యాల వరకే దాని పని. స్ప్రింగు పిస్టన్ ఎయిర్ రైఫిల్ తన్నుడు చిన్నదే కదా, ఏ స్కోపైనా చాలుతుందనుకుంటారు. నిజానికి అది స్కోపులను విరిచే తుపాకుల్లో ముందు వరుసలో ఉంటుంది. మందుగుండు రైఫిల్ వెనక్కి మాత్రమే తన్నుతుంది కాబట్టి స్కోప్ లోపలి కటకాలకు ఆ దిక్కున ఆనుడు ఇస్తారు. ఎయిర్ రైఫిల్‌లో బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి పోతుంది, పిస్టన్ చివర గోడకు తగిలి ఆగగానే ముందుకు లాగబడుతుంది. రెప్పపాటులో రెండు దిక్కులా పడే ఆ కుదుపుకు, పెద్ద రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపులో కూడా కటకం సడలవచ్చు, గురి పెట్టడానికి అద్దంలో కనిపించే గురిగీత తెగవచ్చు. ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన స్కోపునే దాని మీద పెట్టాలి.

ఇక నీరు, ఆవిరి. అమెరికాలో ల్యూపోల్డ్ సంస్థ 1907లో భూమి సర్వే పరికరాల పనితో మొదలైంది. స్కోపుల లోపల ఆవిరి పట్టడమే వేటగాళ్ల పెద్ద బాధగా ఉన్న రోజుల్లో, 1947లో అది నైట్రోజన్ నింపి మూసిన స్కోపును తెచ్చింది. అప్పటి నుంచి నైట్రోజన్ అన్నమాట డబ్బాల మీద ఒక మంత్రంలా మారింది. గాలిలో 78 శాతం నైట్రోజనే. స్కోపులో నింపే వాయువు గొప్పతనం అది నైట్రోజన్ కావడంలో లేదు, తేమ లేని పొడి వాయువు కావడంలో ఉంది. ఆర్గాన్ నింపామని ఎక్కువ ధర అడిగితే దానికి ప్రత్యేకంగా చెల్లించనక్కరలేదు. అసలు పని చేసేవి కటకాల చుట్టూ, టరెట్ల కింద ఉండే రబ్బరు వలయాలు. అవి ఎండకు, కాలానికి గట్టిపడి పగులుతాయి. ఐపీఎక్స్7 అన్న గుర్తు ఉంటే, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు దిగలేదని పరీక్షించినట్టు అర్థం. కొత్త స్కోప్ గురించి అది చెప్పేది నిజమే. పది వేసవులు చూసిన స్కోప్ గురించి అది ఏమీ చెప్పదు.

ఆవిరి పట్టినప్పుడల్లా స్కోప్ పాడైందనుకోనక్కరలేదు. ఏసీ గదిలో ఉంచిన స్కోపును జూలై రాత్రి బయటికి తెస్తే చల్లటి అద్దం మీద బయటి తేమ మంచులా పడుతుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది, లేదా కొద్దిసేపటికి అదే ఆరిపోతుంది. తుడిచినా పోకుండా లోపలి వైపు పొగలా కనిపిస్తే మాత్రం వలయం పోయినట్టే. తేమ దిగిన స్కోపులో తర్వాత బూజు పడుతుంది, ఆ బూజు అద్దం మీది పూతను తినేస్తుంది, అప్పుడు శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. వానాకాలంలో తోలు సంచిలో, బీరువా అడుగున స్కోప్ పెట్టడం కంటే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టడం మేలు. ఎండాకాలంలో మూసిన కారులో వదిలేయడం రబ్బరుకూ, లోపలి గ్రీజుకూ చేటు.

సరే, ఒక స్కోప్ గురి నిలుపుకుంటోందో లేదో మనంతట మనం ఎలా తేల్చుకోవాలి? లైసెన్సులో తూటాల సంఖ్య పరిమితం గనుక, తూటా ఖర్చు లేకుండా చేయగలిగినంత ముందు చేయాలి. రైఫిల్‌ను ఖాళీ చేసి, బరువైన బల్లకు కదలకుండా బిగించి, దూరంగా గీతలు గీసిన పెద్ద కాగితం పెట్టి స్కోపులోంచి చూడాలి. టరెట్ నలభై క్లిక్కులు పైకి తిప్పితే గురిగీత లెక్క ప్రకారం ఎంత జరగాలో అంతే జరిగిందా, తిరిగి నలభై కిందికి తిప్పితే మొదటి గీత మీదికే వచ్చిందా, దారిలో పక్కకు వాలిందా అన్నది కళ్లకు కనిపిస్తుంది. రెట్లు మార్చగల స్కోపైతే తక్కువ నుంచి ఎక్కువకు తిప్పేటప్పుడు గురిగీత కాగితం మీద చోటు మారకూడదు. తల కొంచెం అటూ ఇటూ కదిపినప్పుడు గురిగీత జరిగినట్టు కనిపిస్తే అది లోపం కాదు, దృష్టిభేదం. సాధారణ వేట స్కోపుల్లో దాన్ని 100 గజాల దూరానికి సరిపెట్టి పంపుతారు. 40 మిల్లీమీటర్ల కటకం ఉన్న అలాంటి స్కోపుతో 200 గజాల దగ్గర కన్ను పూర్తిగా అంచున పెట్టినా అయ్యే తేడా 2 సెంటీమీటర్లే.

తన్నుడుకు నిలుస్తుందా అన్నది మాత్రం తూటాతోనే తేలుతుంది, అక్కడే లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. 100 మీటర్ల దగ్గర ఐదు తూటాలు 5 సెంటీమీటర్ల గుంపులో పడే రైఫిల్ అనుకుందాం. అది మంచి రైఫిలే. ఒక్క తూటా కాల్చి 2 సెంటీమీటర్లు పక్కకు పడిందని టరెట్ తిప్పితే, రైఫిల్ సహజంగా వెదజల్లే తేడాను మనం లోపంగా భ్రమించినట్టు. ఐదు తూటాల గుంపు మధ్యబిందువును కాగితం మీద గుర్తుపెట్టి, ఆ కాగితాన్ని దాచి, కుదుపుల ప్రయాణం తర్వాత మరో ఐదు కాల్చి రెండు మధ్యబిందువులనూ పోల్చాలి. వాటి మధ్య సెంటీమీటరు తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. 3 సెంటీమీటర్లు ఉంటే ఏదో కదిలిందని అనుమానించాలి. అప్పుడు కూడా వెతుకులాటకు ఒక వరుస ఉంది: మొదట రైఫిల్‌ను బట్టుకు పట్టే మరలు, తర్వాత బేస్, తర్వాత రింగులు, తర్వాత తూటా రకం, అన్నీ సరిగా ఉన్నాయని తేలాక చివరన స్కోప్. వీలైతే మంచిదని తెలిసిన మరో స్కోపును అదే రైఫిల్ మీద పెట్టి చూడడం అన్నిటికంటే నమ్మదగిన తీర్పు.

అమెరికాలో కొందరు వేటగాళ్లు స్కోప్ బిగించిన రైఫిల్‌ను కొలిచిన ఎత్తు నుంచి పరుపు మీద పడేసి, గురి మారిందా లేదా అని చూస్తారు. రైఫిల్ వల్ల వచ్చే తేడాను తప్పించడానికి ఇనుప భాగాన్ని బట్టుకు జిగురుతో అతికించి మరీ చేసేవారు ఉన్నారు. ఆ ఆలోచనలో క్రమశిక్షణ ఉంది, దాన్ని గౌరవించాలి. అయితే ఒక్క స్కోప్ ఆ పరీక్షలో విఫలమైనంత మాత్రాన ఆ మోడల్ అంతా చెడ్డదని గానీ, నిలిచినంత మాత్రాన అంతా మంచిదని గానీ చెప్పలేం. మా స్నేహితుడి దగ్గర ఇదే ఉంది, ఇరవై ఏళ్లుగా చెక్కుచెదరలేదు అన్న మాట కూడా అంతే బలహీనమైనది. గురి సెంటీమీటర్ల కొద్దీ కదిలినా 40 మీటర్ల దూరంలో మంచె మీది నుంచి కాల్చే మనిషికి అది తెలియకపోవచ్చు. తెలియకపోవడం, తప్పకపోవడం ఒకటి కాదు.

జీవితకాల వారంటీ మీద కూడా ఇక్కడివారు అతిగా ఆధారపడకూడదు. స్కోప్ చెడితే కొత్తది ఇస్తామన్న హామీకీ, స్కోప్ చెడదన్న హామీకీ సంబంధం లేదు. పైగా విదేశీ సంస్థకు తిరిగి పంపడం, కస్టమ్స్ దాటించడం, మళ్లీ తెప్పించుకోవడం హనుమకొండలో ఉన్న మనిషికి నెలల పని. ఈలోగా యాసంగి మక్క కోతకు వస్తుంది. పేరున్న కంపెనీల నకళ్లు బాగా చలామణీలో ఉన్నాయి, వాటికి ఏ వారంటీ వర్తించదు. సీరియల్ నంబరును కంపెనీతో సరిచూసుకోకుండా డబ్బు కట్టకూడదు.

మన పొలాల దగ్గర అవసరమయ్యేది ఎలాంటి స్కోప్ అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంటుంది. ఇక్కడ దూరాలు చిన్నవి. చేను గట్టు నుంచి పొద దాకా 100 మీటర్లు దాటడం అరుదు. పొలంలో నిలబడి టరెట్లు తిప్పే అవసరం దాదాపు రాదు, కాబట్టి పెద్ద పెద్ద టరెట్లకు, 20 రెట్ల శక్తికి డబ్బు పోయడం వృథా. కదిలే భాగాలు తగ్గేకొద్దీ చెడే భాగాలు తగ్గుతాయి. 4 రెట్లు మాత్రమే చూపే 32 మిల్లీమీటర్ల స్థిర స్కోపో, మంచి పనితనం ఉన్న 3 నుంచి 9 రెట్ల 40 మిల్లీమీటర్ల స్కోపో, టరెట్లకు మూతలు ఉన్నది, తేలికైనది తీసుకుని, మిగిలిన డబ్బు బేస్, రింగులు, గన్‌స్మిత్ పనితనం మీద పెట్టాలి. రాత్రి గురిగీత వెలిగే స్కోప్ కొంటే, బ్యాటరీ అయిపోయినా నల్లని గీత అద్దంలో మిగిలి ఉండే రకమే తీసుకోవాలి.

స్కోప్ బిగించేటప్పుడు అడ్డొస్తున్నాయని కొందరు ఇనుప సైట్లను కోయించేస్తారు. అది చేయించకండి. త్వరగా విప్పగలిగే రింగులు పెట్టించుకుని, ఇనుప సైట్లకు కూడా 50 మీటర్ల దగ్గర విడిగా జీరో చేసి ఉంచుకుంటే, మంచె ఎక్కేటప్పుడు స్కోప్ కొమ్మకు గట్టిగా తగిలిన రాత్రి దాన్ని నమ్మాలా వద్దా అని తర్జనభర్జన పడనక్కరలేదు. విప్పి పక్కన పెట్టి, దగ్గరికి వచ్చే దాకా ఆగి ఇనుప సైట్లతో కాల్చవచ్చు, లేదా ఆ రాత్రికి కాల్చకుండా డప్పు కొట్టి మందను తరిమి, తెల్లవారాక కాగితం మీద మళ్లీ చూసుకోవచ్చు.